పాయకాపురంలో 2013 స్విఫ్ట్ డీజిల్ చూశాను, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి?

నల్లపాడు రోడ్డు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం బెజవాడలో, బెంజి సర్కిల్ దగ్గర. ఇన్నాళ్లూ బస్సుతోనే సరిపెట్టుకున్నాను. బాబు పుట్టాక మాత్రం కష్టమైపోయింది. రాత్రిపూట వాడికి జ్వరం వస్తే ఆటో కోసం రోడ్డు మీద నిలబడాల్సి వస్తోంది. కొత్త కారుకి ఈఎంఐ కట్టే స్తోమత లేదు కాబట్టి మూడున్నర లక్షల్లోపు సెకండ్ హ్యాండ్ చూస్తున్నాను.

ఒక బండి నచ్చింది. 2013 స్విఫ్ట్ డీజిల్, జెడ్‌డిఐ (టాప్ మోడల్), తెలుపు రంగు, ఏపీ 16 నంబరు. మీటరు మీద 82 వేల కిలోమీటర్లు ఉంది. అమ్మే ఆయన రెండో ఓనరు, 2019లో కొన్నాడట. 3.20 లక్షలు చెబుతున్నాడు, కూర్చుని మాట్లాడితే కొంచెం దిగేలా ఉన్నాడు. సాయంత్రం ఒక రౌండ్ నడిపి చూశాను, నాకైతే బాగానే అనిపించింది. కానీ నాకు నడపడం తప్ప ఏమీ తెలియదు. బానెట్ ఎత్తితే వైపర్ నీళ్లు పోసే చోటొక్కటే గుర్తుపడతాను.

అసలు టెన్షన్ ఏంటంటే, ఆయన ఇల్లు పాయకాపురం. బెజవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తిన ఏరియా. "నీళ్లొచ్చినప్పుడు బండి ఏలూరులో మా మావగారింట్లో ఉందండీ" అంటున్నాడు. మా ఆఫీసులో ఎవరికి చెప్పినా "పాయకాపురం బండా, వద్దు బాబూ" అని ఒకటే మాట. మనిషి మాత్రం మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. రేపటికల్లా పది వేలు అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు, ఇంకెవరో కూడా అడుగుతున్నారట. ఏం చేయమంటారు?

ఆటోనగర్ షెడ్డు:

తమ్ముడూ, ముందు అడ్వాన్స్ సంగతి పక్కన పెట్టండి. "ఇంకెవరో అడుగుతున్నారు" అనేది ప్రతి పాత బండితోపాటు వచ్చే మాటే. అడిగేవాళ్లుంటే ఇచ్చుకోమనండి. స్విఫ్ట్ డీజిల్‌కి కరువొచ్చి పడలేదు.

బండి మంచిదే. అందులో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్, 1248 సీసీ. డిజైర్, రిట్జ్, ఎర్టిగా, టాటా విస్టా, పుంటో అన్నింట్లోనూ అదే. అందుకే సామాను ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది, పని తెలిసిన మేస్త్రీలూ ఉన్నారు. బీఎస్ 6 కాలుష్యం రూలు వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో, మారుతి వాళ్లు డీజిల్ కార్లే ఆపేశారు కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. బండి మోడల్ గురించి భయం లేదు. ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే చూసుకోవాలి.

మీరు చేసిన పని ఏంటంటే సాయంత్రం వెళ్లి వేడెక్కిన ఇంజన్ మీద నడిపారు. వేడి మీద ఏ డీజిల్ బండైనా బుద్ధిగానే ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. పదింటికి వెళితే మన ఎండకి ఆపి ఉన్న బండి బానెట్ కూడా కాలిపోతుంది, అప్పుడు ఏ వేడి ఎవరిదో తేల్చలేం. అందుకే తెల్లారి వెళ్లమనేది.

సెల్ఫ్ కొట్టేది ఆయన్ని కొట్టమని, మీరు బయట నిలబడండి. మొదటి రెండు మూడు సెకన్లే ముఖ్యం. ఈ ఇంజన్‌కి టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. ఆయిల్ టైముకి మార్చని బండిలో ఆ చైను సాగుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ అవగానే ముందువైపు నుంచి గలగలమని శబ్దం వచ్చి, ఆయిల్ పైకెక్కాక తగ్గుతుంది. ఆ గలగల వింటే ఇక మిగతావి చూడక్కర్లేదు, ఇంటికి వచ్చేయండి.

పొగ చూడండి. డీజిల్ కాబట్టి గట్టిగా రైజ్ చేస్తే కాస్త నల్లగా కొట్టడం మామూలే. నీలంగా వస్తే ఆయిల్ తాగుతోందన్నమాట, అంటే ఇంజన్ విప్పి బోరు చేయించే రోజు దగ్గర పడింది, లేదా టర్బో పోయింది. తెల్ల పొగ స్టార్టింగ్‌లో వచ్చి ఆగిపోతే సరే, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజెక్టర్ల (డీజిల్ చిమ్మే భాగాల) సంగతో, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు) సంగతో తేల్చాలి. ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తిప్పి ఎత్తి చూడండి. కొంచెం ఆవిరి వస్తే ఫర్వాలేదు. గుప్పుగుప్పుమని పొగ తన్నినా, మూత అడుగున మజ్జిగ చిలికినట్టు తెల్లటి జిగురున్నా, ఆ బండి వద్దు. ఆ జిగురంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టే.

కూలెంట్ డబ్బా (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం ఉండేది) మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీయండి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. అందులో ఆయిల్ తెట్టు ఉందేమో చూడండి. మామూలు కుళాయి నీళ్లు పోసి నడుపుతున్నారంటే అది ఓనరు గురించి చెప్పే మాట. డబ్బు దగ్గర కక్కుర్తి పడ్డవాడు అక్కడొక్కచోటే పడి ఆగడు.

తర్వాత రోడ్డు మీదకి తీయండి. పాటలు ఆపేయమనండి. అమ్మేవాడు మీరు ఎక్కగానే పాటలు పెడతాడు, పైగా ఏసీ ఫ్యాను నాలుగులో పెడతాడు. రెండూ ఆపి, అద్దాలు దించి, గతుకుల రోడ్డు మీద 20 స్పీడులో పోనివ్వండి. ముందు చక్రాల దగ్గర టక్ టక్‌మంటే లింక్ రాడ్లో, లోయర్ ఆర్మ్ బుష్షులో అరిగాయి. అది పెద్ద ఖర్చు కాదు, బేరంలో తగ్గించుకోవచ్చు. క్లచ్ కోసం కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు థర్డ్ గేర్లో ఉంచి గట్టిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి బండి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఈ ఇంజన్‌కి 2000 ఆర్పీఎం దాటాక వెనక నుంచి నెట్టినట్టు ఒక ఊపు వస్తుంది, అది టర్బో. ఆ ఊపు రాకపోతే అడగండి.

ఏసీ చూడ్డానికి ఇంకోసారి వెళ్లాలి, అదీ మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్న ఆరింటికి ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. ఎండలో బండి ఆపి, ఏసీ ఆన్‌లో పావుగంట ఉంచి, రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందా, టెంపరేచర్ ముల్లు పైకి పోతోందా చూడండి. రెండుసార్లు తిప్పుతున్నానని ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

82 వేలు అన్నారు. డీజిల్ కొనేవాడు తిరగడానికే కొంటాడు తమ్ముడూ. 12 ఏళ్ల డీజిల్ బండి 82 వేలే తిరిగిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. మీటరు వెనక్కి తిప్పడం గంట పని కూడా కాదు. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ పైన నునుపు, డ్రైవరు సీటు కుడి అంచు, ఈ మూడూ చూడండి. పెడల్ రబ్బరు అరిగి మెరుస్తుంటే లక్ష దాటిందనుకోండి. రబ్బరు కొత్తగా ఉండి సీటు నలిగిపోయి ఉన్నా అదే అనుకోండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి హిస్టరీ తీయించండి. నంబరు కొడితే ఏ ఊళ్లో సర్వీస్ చేయించినా కనపడుతుంది. ఓనరు పక్కన ఉంటే ఇస్తారు.

నీళ్ల సంగతి ఆ ఏరియా వాళ్లు చెబితేనే బాగుంటుంది.

కండ్రిక ఇల్లాలు:

మాది కండ్రిక. ఆ ఆదివారం, సెప్టెంబరు 1, మా ఇంటి ముందు మా వ్యాగన్ ఆర్ సీట్ల పైదాకా మునిగింది. నీళ్లు దిగడానికి రోజులు పట్టింది. మా వారు వెంటనే స్టార్ట్ చేయబోతే పక్కింటాయన ఆపాడు. ఎయిర్ ఫిల్టర్లో నీళ్లుంటే ఇంజన్ ఆ నీళ్లని లోపలికి లాక్కుని లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయట. చాలామంది బళ్లు మునగడం వల్ల కాదు, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టడం వల్ల పోయాయి.

కార్పెట్ ఎలా కడగాలో, ఎంత కడిగినా ఎక్కడ మట్టి మిగులుతుందో నాకు బాగా తెలుసు, నేనే కడిగాను కాబట్టి. పైన కనిపించేదంతా నాలుగు రోజుల్లో కొత్తదానిలా చేయొచ్చు. సీటు కవర్లు మార్చి, డాష్‌బోర్డుకి పాలిష్ కొట్టి, సెంటు డబ్బా పెడితే ఎవరికీ అనుమానం రాదు. కానీ సీటు బెల్టు ఉంది చూశారా, దాన్ని ఆఖరిదాకా లాగండి. మామూలుగా మనం పెట్టుకునే మేర ఉతికినట్టు ఉంటుంది. చిట్టచివరి మూర, చుట్టలో ఎప్పుడూ బయటికి రాని భాగం, అక్కడ బురద రంగు గీత ఉంటుంది. అది బ్రష్ పెట్టి రుద్దినా పోలేదు. వెనక సీటు బెల్టులు ఇంకా ముఖ్యం, అవి ఎవరూ పట్టించుకోరు.

సీటు కింద పట్టాలకి బిగించిన బోల్టులు చూడండి, ఫోన్ టార్చి వేసి. మామూలు పాత బండిలో పైన కొంచెం తుప్పు ఉంటుంది. మునిగిన బండిలో బోల్టు చుట్టూ రేకు మీద కూడా తుప్పు పాకి ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి తడమండి, మూలల్లో సన్నటి మెత్తటి మట్టి చేతికి తగులుతుంది. మా బండిలో హెడ్‌లైట్ లోపల కూడా అడ్డంగా ఒక గీత పడింది. పాయకాపురం, కండ్రిక, సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట బళ్లన్నింటికీ ఈ నాలుగు చోట్లా చూస్తే చాలు.

ఇంకో సంగతి. మాకు ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే ఇచ్చేది) ఒక్కటే. పాత బండికి ఫుల్ ఎందుకులే అనుకున్నాం. అందుకని క్లెయిమ్ లేదు, రికార్డూ లేదు. ఒక బ్రోకరుకి జరిగిందంతా చెప్పి, వచ్చినంతకే ఇచ్చేశాం. కొన్నాళ్లకి అదే బండి ఫొటోలు నెట్లో కనిపించాయి, "సింగిల్ ఓనర్, లేడీ డ్రివెన్, నో ఫ్లడ్" అని. లేడీ డ్రివెన్ అన్న మాటొక్కటే నిజం. ఆ పాయకాపురం ఆయన నిజమే చెబుతున్నాడేమో కూడా, నేను కాదనను. మా వీధిలో ఆ వారం ఊళ్లో లేని వాళ్లు కూడా ఉన్నారు. కానీ బెల్టు లాగందే నమ్మకండి.

సర్వే పని చేసిన వాణ్ని:

ఇన్సూరెన్స్ క్లెయిముల సర్వే పని చాలా ఏళ్లు చేశాను. పైన అమ్మ చెప్పినట్టు పాత బళ్ల వరద నష్టం చాలావరకు ఏ కాగితం మీదా ఉండదు. అయినా కాగితాలు చూడకుండా వదలొద్దు.

పాలసీ కాపీలు అడగండి, ఈ సంవత్సరానిదే కాదు, 2023 నుంచి ఉన్నవన్నీ. ఫుల్ పాలసీ అయితే అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకపోతే అది 20, 25, 35, 45, 50 అని ఏడాదికో మెట్టు ఎక్కుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడుతుంది. 2024 పాలసీలో 50 ఉండి ఆ తర్వాతి దాంట్లో సున్నా ఉంటే, ఆ మధ్యలో ఏదో జరిగింది. ఏం జరిగిందో ఆయనే చెప్పాలి. థర్డ్ పార్టీ పాలసీకి ఈ బోనస్ ఉండదు కాబట్టి అది మీకేమీ చెప్పదు. ఈ బోనస్ మనిషిదే గానీ బండిది కాదు, మీకు రాదు.

ఏలూరు మాట తేల్చుకోవడం చాలా తేలిక. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీయమనండి. బెజవాడ నుంచి ఏలూరు హైవే మీద వెళితే పొట్టిపాడు, కలపర్రు టోల్‌గేట్లు తగులుతాయి. ఆగస్టు చివర్లో ఎటు వెళ్లింది, మళ్లీ ఎప్పుడు తిరిగొచ్చింది, తేదీతో టైముతో సహా ఉంటుంది. నిజం చెప్పేవాడు ఫోన్ తీసి వెంటనే చూపిస్తాడు.

ఆర్సీ ఆయన పేరు మీదే ఉందా? ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. మొదటి ఓనరు సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు 29, 30 (ఓనరు పేరు మార్చే ఫారాలు) చేతిలో పెట్టి "మీ పేరు మీదకి డైరెక్టుగా మార్చుకోండి" అంటే ఒప్పుకోవద్దు. ఫైనాన్స్ ఉన్నట్టు చూపిస్తే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 (ఆర్సీలో అప్పు కొట్టేయించేది) చేతికొచ్చాకే డబ్బు. పెండింగ్ చలాన్లు ఆయన చేతే కట్టించండి. కొన్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చుకోవాలి. లేకపోతే మీ బండికి జరిగే డ్యామేజీ దగ్గర పేచీ వస్తుంది.

2013 బండి కాబట్టి ఆర్సీ 2028 దాకా. తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి, 2022 ఏప్రిల్‌లో కారుకి ఆ ఫీజు 5,000 రూపాయలు చేశారు. పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదు అన్న రూలు ఢిల్లీ ప్రాంతానికి పెట్టింది, మనకి లేదు. అక్కడ తిరగనివ్వని బళ్లు చవగ్గా మన దాకా వస్తుంటాయి. అవి చూసి ఆశపడకండి, ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ చవక కాస్తా పోతుంది.

నల్లపాడు రోడ్డు:

అందరికీ చాలా థాంక్స్. అడ్వాన్స్ ఇవ్వలేదు. మా బామ్మర్దిని తీసుకుని పొద్దున్నే ఫస్ట్ బస్సుకి వెళ్లాను. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, ఇంజన్ చల్లగానే ఉంది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. గలగల లేదు, నీలం పొగ లేదు. ఆయిల్ మూత శుభ్రంగా ఉంది.

ఫాస్టాగ్ అడగ్గానే ఆయన నవ్వి, "మీరు పోలీసులకంటే గట్టిగా ఉన్నారే" అంటూ ఫోన్ ఇచ్చాడు. 2024 ఆగస్టు 30 సాయంత్రం కలపర్రు, మళ్లీ సెప్టెంబరు సగంలో తిరుగు ప్రయాణం. ఏలూరు మాట నిజమే. స్టెప్నీ గుంట పొడిగా ఉంది, వెనక బెల్టులు ఆఖరిదాకా లాగితే తెల్లగా ఉన్నాయి, వాటి అడుగున కుట్టిన చీటీ మీద 2013 అని ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

కానీ ముందు సీట్ల బెల్టులు రెండింటి చీటీల మీదా 2015 అని ఉంది. ఆయన్ని అడిగితే "నాకు తెలియదండీ, నేను కొన్నప్పుడు అలాగే ఉంది" అన్నాడు. ఇది పట్టించుకోవాల్సిన విషయమేనా? ఇంకోటి, సర్వీస్ హిస్టరీలో 2017 దాకా 71 వేల కిలోమీటర్లు ఉన్నాయి, తర్వాత కంపెనీలో సర్వీసే లేదు.

ఆటోనగర్ షెడ్డు:

పట్టించుకోవాలి తమ్ముడూ, చాలా. వరద వెతకడానికి వెళ్లి మీరు ఇంకోటి పట్టుకొచ్చారు.

జెడ్‌డిఐలో ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. ముందు బెల్టులకి ప్రిటెన్షనర్ అని చిన్న పేలుడు మందు లాంటిది ఉంటుంది. గట్టిగా గుద్దుకున్నప్పుడు అది పేలి బెల్టుని లాగి మనిషిని సీటుకి బిగించేస్తుంది. ఒకసారి పేలితే ఆ బెల్టు అంతే, మార్చాల్సిందే. వెనక బెల్టులు 2013వి, ముందువి రెండూ 2015వి అంటే, తర్వాత మార్చారు, స్క్రాపుకొచ్చిన వేరే స్విఫ్ట్ నుంచి పీకి వేసి ఉండొచ్చు. ఒక్క బెల్టు మారిస్తే ఏదో పాడైందనుకోవచ్చు. రెండూ మార్చారంటే ముందు గట్టి దెబ్బ తగిలి ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని ఉంటాయి.

ఇప్పుడు ఇది చూడండి. తాళం తిప్పి ఆన్‌లో పెట్టగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి, కొన్ని సెకన్లు ఉండి ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే రోగం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే ఆ లైటుని ఎవరో పీకేశారు, అది ఇంకా చెడ్డది. కొంతమంది ఎయిర్‌బ్యాగు పెట్టకుండా దాని వైర్లకి చిన్న రెసిస్టర్ కట్టి లైటుని మోసం చేస్తారు. అది స్కానర్ పెట్టినా బయటపడకపోవచ్చు. స్టీరింగ్ మధ్య మూత రంగు మిగతా ప్లాస్టిక్ రంగుతో కలుస్తోందా, ఎడమవైపు డాష్‌బోర్డు మీద అతుకు ఉందా చూడండి.

71 వేలు నాలుగేళ్లలో తిరిగిన బండి, తర్వాత ఎనిమిదేళ్లలో పదకొండు వేలే తిరగడం ఏంటి? మధ్యలో గుద్దుకుని చాలాకాలం షెడ్డులో పడి ఉండాలి, లేదా మీటరు తిప్పి ఉండాలి. రెండూ అయి ఉండొచ్చు.

ఆయనకి ఇష్టమైతే బండిని లిఫ్ట్ ఉన్న షెడ్డుకి తీసుకురమ్మనండి. కింద నుంచి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. మా దగ్గరికే రావాలని లేదు, మీకు నమ్మకం ఉన్న చోటికి వెళ్లండి.

నల్లపాడు రోడ్డు:

లైటు అసలు వెలగలేదండీ. ఎడమవైపు డాష్‌బోర్డు మీద చేత్తో తడిమితే సన్నటి గీత తగిలింది, కంటికి కనపడదు. రేపు మధ్యాహ్నం ఏసీ చూడ్డానికి ఎలాగూ వెళ్లాలి, ఆయన ఆటోనగర్ దాకా రావడానికి ఒప్పుకున్నాడు. మీ షెడ్డుకే వస్తాం.

ఆటోనగర్ షెడ్డు:

బండి చూశాను. ఈ తమ్ముడితోపాటు ఇక్కడ చదివేవాళ్లకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

లిఫ్ట్ ఎక్కించాక నేను మొదట ఇంజన్ చూడలేదు. డోర్ల కింద పొడుగునా ఒక అంచు రేకు ఉంటుంది, జాకీ పెట్టే చోటు. కుడివైపు ఆ అంచు మీద పళ్ల గుర్తులు వరసగా ఉన్నాయి, నలిగి పైన రంగు పూసి ఉన్నాయి. వంగిన బండిని లాగే మిషన్ మీద బిగించినప్పుడు క్లాంపులు కరిచిన గుర్తులవి. జాకీ గుర్తు ఒక్కచోటే ఉంటుంది, ఇలా వరసగా ఉండదు. ముందుకొస్తే, ఇంజన్‌ని మోసే రెండు పొడవాటి లెగ్గుల్లో ఎడమది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది, వెల్డింగు చుక్కలు గుండ్రంగా, సమానంగా. కుడిదాని మీద మాత్రం మందంగా నల్ల కోటింగు కొట్టారు. గోటితో గీకితే కింద సుత్తి దెబ్బల సొట్టలు, వాటి మీద పుట్టీ. ముందు కుడి టైరు లోపలి అంచు అరిగి ఉంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఆ టైరు అలాగే అరుగుతూ ఉంటుంది.

ఇంజన్ మాత్రం బాగుంది. ఏసీ కూడా బాగుంది. అందుకే నాకు కోపం వచ్చింది, మంచి ఇంజన్‌ని అలాంటి బాడీలో పెట్టినందుకు.

ఆ ఓనరు పాపం కింద నిలబడి ఆ పళ్ల గుర్తులు చూసి మాట్లాడలేదు. ఆయన 2019లో కొన్నప్పుడు ఎవరో మేస్త్రికి చూపించాననే చెప్పాడు. ఆ మేస్త్రి బానెట్ ఎత్తాడు, లిఫ్ట్ ఎక్కించలేదు. ఈ బండి ఆయన్ని కూడా మోసం చేసిందే. ఇంట్లో పిల్లలతో ఆరేళ్లు తిరిగాడు, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయనుకుని.

నా మాట అడిగితే, వద్దు. బాబుని కూర్చోబెట్టుకుని రోజూ గుంటూరు బెజవాడ హైవే మీద వంద స్పీడులో వెళ్లే బండి ఇది కాదు. ఒకసారి వంగి లాగిన లెగ్గు రెండోసారి దెబ్బకి ముందులా తట్టుకోదు.

పెదకాకాని పెట్రోలు:

మేస్త్రి గారి మాట కాదనడం లేదు గానీ, కాస్త ఎక్కువ భయపెడుతున్నారేమో అనిపిస్తోంది. మన రోడ్ల మీద తిరిగే పాత బళ్లలో సగానికి అసలు ఎయిర్‌బ్యాగులే లేవు. అదే స్విఫ్ట్‌లో జెడ్‌డిఐ కంటే కింది మోడల్ వీడీఐ అయితే ఎయిర్‌బ్యాగులు లేకుండానే కొనేవారు కదా. ఇంజన్ బాగుంది, నీళ్ల బండి కాదు, కాగితాలు బాగున్నాయి. 2.20కి ఇస్తే తీసుకుని ఊళ్లో తిప్పుకోవచ్చు. హైవేకి బస్సు ఉండనే ఉంది. నేనైతే తీసుకుంటాను.

ఆటోనగర్ షెడ్డు:

మీరు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు సార్, తెలిసి కొంటున్నారు కాబట్టి. వీడీఐతో పోలిక మాత్రం సరికాదు. ఎయిర్‌బ్యాగు లేకపోవడం కంటే నాకు ఆ కుడి లెగ్గు గురించే ఎక్కువ బెంగ. పైగా ఆ ముందు బెల్టులు స్క్రాపు నుంచి వచ్చినవి కావచ్చు, వాటి ప్రిటెన్షనర్లు పనిచేస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు. ఊళ్లో తిప్పుకోవడానికి అంటున్నారు, కొన్నాక ఎవరూ ఊళ్లోనే తిప్పరు. పండక్కి ఊరెళ్లేది దాంట్లోనే.

నల్లపాడు రోడ్డు:

ఆయనతో మాట్లాడాను. నేను ధర తగ్గించమని అడగకముందే ఆయనే "మీకు ఇవ్వను తమ్ముడూ, మనసొప్పట్లేదు" అన్నాడు. స్క్రాపుకి ఇచ్చేస్తాడో ఏం చేస్తాడో తెలియదు. ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొచ్చని ఎవరో చెప్పారట. మా ఆవిడ మాత్రం "ఆయన మంచాయనే, నువ్వే అనవసరంగా అనుమానించావు" అంటోంది. ఆవిడ లెక్కలో నేను తప్ప అందరూ మంచివాళ్లే.

ఇప్పుడు తెనాలిలో ఒక 2015 వ్యాగన్ ఆర్ పెట్రోల్ చూశాను, ఫొటోల్లో బాగుంది, 2.90 అంటున్నారు. శనివారం వెళ్దామనుకుంటున్నాను.

ఆటోనగర్ షెడ్డు:

వెళ్లే ముందు వాట్సాప్‌లో మూడు రకాల ఫొటోలు పంపించమనండి. నాలుగు సీటు బెల్టుల అడుగు చీటీలు, డ్రైవరు డోరు తెరిచి కింద అంచు రేకు పొడుగునా ఒకటి, పాలసీ కాపీ. చీటీల ఫొటోలు అడగ్గానే ఫోన్ ఎత్తడం మానేస్తే మీకు బస్సు టికెట్ మిగిలింది. పంపిస్తే వెళ్లి పొద్దున్నే చూడండి. నచ్చితే మధ్యాహ్నానికి మా దగ్గరికి తెప్పించండి, ఆదివారం అయితే వద్దు, షెడ్డు సెలవు.